బొగ్గు గనుల కంపెనీ నుంచి వచ్చిన తాడు

బహ్రెయిన్‌లోని సనాబిస్ ఒకప్పుడు సముద్రపు ఒడ్డు పల్లె. సముద్రాన్ని పూడ్చి కట్టిన సీఫ్ మేడలు ఇప్పుడు దాని పక్కనే నిలబడి ఉన్నాయి. ముత్యాల వేట కాలంలో అక్కడి మనిషి ప్రాణం తాడు మీదే ఆధారపడేది. ఊపిరి బిగబట్టి నీటి అడుగున చిప్పలు ఏరేవాణ్ణి ఘైస్ అనేవారు. పైన పడవలో తాడు పట్టుకుని ఉండేవాడు సైబ్. కింది నుంచి తాడు కదిలిందంటే సైబ్ వెంటనే లాగాలి. ఆలస్యమైతే కింది మనిషి దక్కడు.

1930లలో ముత్యాల వ్యాపారం కుప్పకూలింది, 1932లో జెబెల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. నేడు ఆ దీవిలో తాడుకు పని ఎక్కువగా ఇసుకలోనే. చలికాలం రాగానే సఖీర్ ఎడారిలో గుడారాలు లేస్తాయి. ఇసుకలోనో, సబ్ఖా అనే ఉప్పు బురదలోనో ఫోర్‌వీల్ బండి కూరుకుపోతే, మరో బండి ముందు బిగించిన వించ్, అంటే డ్రమ్ముకు తాడు చుట్టి లాగే యంత్రం, దాన్ని బయటికి లాగుతుంది.

అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో జీపులకు హబ్‌లు తయారుచేస్తూ పెట్టిన కంపెనీయే తర్వాత వించ్‌లకు పేరుపడింది. 1974లో వచ్చిన దాని 8274 మోడల్‌ను ఎడారుల్లో, అడవుల్లో తిరిగేవాళ్లు నేటికీ వెతుక్కుంటారు. అప్పట్లో వించ్ అంటే ఉక్కు తీగతాడే. అది బరువు, ఒకసారి మెలిక పడితే మళ్లీ సరి అవదు, తెగిన సన్న తీగలు అరచేతిలో దిగుతాయి. అన్నిటికంటే భయం అది తెగినప్పుడు. బిగువులో దాచుకున్న బలమంతా ఒక్కసారిగా వదిలి వెనక్కి కొడుతుంది, ఎదురుగా మనిషి ఉంటే ప్రాణం పోవచ్చు.

దానికి బదులు దొరికింది నెదర్లాండ్స్‌లో, ఒక బొగ్గు గనుల కంపెనీ ప్రయోగశాలలో. 1902లో డచ్ ప్రభుత్వం పెట్టిన గనుల సంస్థే డీఎస్ఎం. గనులు మూతపడే కాలానికి అది రసాయనాల వైపు మళ్లింది. అక్కడ 1960లలో ఆల్బర్ట్ పెన్నింగ్స్ పాలిథిలీన్ ద్రావణాన్ని కలియబెడుతూ, అణువులు బారుగా సాగి గట్టి పీచుగా ఏర్పడడం చూశాడు. మన పాల ప్యాకెట్‌ది కూడా పాలిథిలీనే, కాకపోతే ఇక్కడ అణు గొలుసులు ఎంతో పొడవు.

పొడవైన గొలుసులు బలమే, కానీ ఉడికిన సేమియాలా ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. చిక్కు విడితే తప్ప దారంగా సాగవు. 1979లో అదే డీఎస్ఎంలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా దారి కనిపెట్టారు. పాలిథిలీన్‌ను ద్రావకంలో బాగా పలుచగా కరిగిస్తే గొలుసులు దూరం దూరంగా జరిగి చిక్కులు తగ్గుతాయి. ఆ ద్రావణాన్ని సన్న రంధ్రాల గుండా తోసి చల్లారిస్తే జెల్లీలాంటి పోగు వస్తుంది. దాన్ని వేడి మీద ఎన్నో రెట్లు సాగదీస్తే గొలుసులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. డైనీమా అనే ఆ పీచును 1990లో హీర్లెన్ కర్మాగారంలో పెద్ద ఎత్తున తీయడం మొదలుపెట్టారు. బరువుకు బరువు చూస్తే ఉక్కుకు దాదాపు 15 రెట్ల బలమని తయారీదారుల లెక్క. సాంద్రత 0.97, కాబట్టి నీళ్ల మీద తేలుతుంది. ఓడల వాళ్లు, పడవ పందాల వాళ్లు అందుకున్నాక వించ్‌ల మీదికీ వచ్చింది. తెగినా ఉక్కులా చావుదెబ్బ తీయదు. అయినా ఎదురుగా నిలబడకూడదు.

ఈ తాడును చూసుకోవడం తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. బారులు తీరిన ఆ గొలుసుల మధ్య పట్టు బలహీనం. అందుకే దాదాపు 150 డిగ్రీల దగ్గర పీచు కరుగుతుంది, 70 దాటినప్పటి నుంచే బలం తగ్గుతూ వస్తుంది. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువును మెల్లగా కిందికి దింపినప్పుడు ఆ బ్రేకు కాలి, డ్రమ్ముకు ఆనుకున్న మొదటి వరసను ఉడికిస్తుంది. 8274లో బ్రేకు డ్రమ్ముకు బయట ఉండడం ఈ తాడుకు కలిసొచ్చింది. మిగతావాటిలో మొదటి వరసకు వేడిని తట్టుకునే తొడుగు వేస్తారు. ఎండ కూడా పై పోగులను తింటుంది. గల్ఫ్ ఎండలో వించ్‌కు కవరు లేకుండా తిరగడం తాడును చేతులారా పాడుచేసుకోవడమే.

అయితే బహ్రెయిన్‌లో నేను అసలు శత్రువు అనేది ఇసుకనే. వెంట్రుక కంటే సన్నని పోగుల మధ్య ఇసుక రేణువు చేరితే, లాగిన ప్రతిసారీ లోపలి నుంచే కోస్తుంది. ఉప్పు ఈ పీచును ఏమీ చేయదు, కానీ సబ్ఖా నీరు ఆరాక మిగిలే ఉప్పు పలుకులు ఇసుక చేసే పనే చేస్తాయి.

కరీంనగర్, జగిత్యాల నుంచి వెళ్లి గల్ఫ్‌లో డ్రైవర్లుగా, మెకానిక్కులుగా బతికే మనవాళ్లకు ఈ తాడును కడిగే పని తెలియడం అవసరం. తాడు మొత్తం విప్పి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం మెత్తని సబ్బు కలిపి నానబెట్టాలి. తాడును రెండు చేతులతో ఎదురెదురుగా నెడితే 12 పాయల అల్లిక బోలుగా తెరుచుకుంటుంది, అప్పుడే లోపలి ఇసుక రాలుతుంది. బకెట్ అడుగున ఇసుక కనబడకుండా పోయేంతవరకు నీళ్లు మార్చాలి. ప్రెషర్ వాషర్ పెడితే ఇసుక ఇంకా లోపలికి పోతుంది. బ్లీచు వద్దు. నీడన ఆరబెట్టాలి.

ఆరిన తాడును వేళ్లతో తడుముతూ పరీక్షించాలి. పైన నూగు లేస్తే భయం లేదు, అది కింది పోగులకు కాపు. గట్టిగా మెరిసే చోటు వంచినప్పుడు మెత్తబడితే అది నొక్కుడు వల్ల వచ్చినది, మెత్తబడకపోతే పీచు కరిగినట్టు. తెగిన పాయ ఉన్నచోట ముడి వేయకూడదు. ఈ పీచు జారుడుది, ముడి దగ్గర సగం బలం పోతుంది. ఆ ముక్క కోసేసి, కొసను తాడు బోలులోకి దూర్చి అతకాలి. ఎంత పొడవు దూర్చాలన్నదానికి తాడు మందానికి 72 రెట్లు అనే లెక్క ఉంది, అంటే 10 మిల్లీమీటర్ల తాడుకు 72 సెంటీమీటర్లు. లాగేకొద్దీ అల్లిక లోపలి కొసను బిగించి పట్టుకుంటుంది. ఇక ఉక్కుతాడు రాసుకుని గరుకైన పాత రోలర్ల మీదుగా దీన్ని నడపకుండా, తాడుకు దారి చూపే నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ బిగించి, కొంచెం బరువు తగిలించి బిగువుగా చుట్టాలి. వదులుగా చుడితే పై వరస కింది వరసల్లోకి దిగి ఇరుక్కుంటుంది.