ఐఐటీ మద్రాస్ జాంజిబార్ క్యాంపస్

ఐఐటీ పేరుతో భారతదేశం వెలుపల వెలసిన మొట్టమొదటి క్యాంపస్ ఇది. తూర్పు ఆఫ్రికా తీరాన, టాంజానియాలో భాగంగా ఉంటూనే స్వయంపాలన సాగించుకునే జాంజిబార్ దీవుల్లో 2023లో మొదలైంది. జాంజిబార్ పట్టణానికి దక్షిణంగా, ఉంగుజా దీవిలోని బ్వెలెయోలో తరగతులు ప్రారంభించారు. ఆ ఏడాది అక్టోబరులో చదువులు మొదలుకాగా, నవంబరు 6న జాంజిబార్ అధ్యక్షుడు హుస్సేన్ అలీ మ్విన్యీ లాంఛనంగా ప్రారంభోత్సవం చేశారు.

ఒప్పందం

2023 జులై 5న భారత విద్యాశాఖ, ఐఐటీ మద్రాస్, జాంజిబార్ విద్య, వృత్తి శిక్షణ మంత్రిత్వ శాఖ ఒక అవగాహన పత్రంపై సంతకాలు చేశాయి. మ్విన్యీతో పాటు భారత విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ అక్కడే ఉన్నారు. ఆ పత్రంలో గమనించవలసింది బాధ్యతల పంపకం. ఏ కోర్సులు పెట్టాలి, ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎవరిని చేర్చుకోవాలి అన్నవన్నీ ఐఐటీ మద్రాస్ చేతిలో ఉంటాయి. పట్టా మీద పేరూ దానిదే. నిర్మాణాలకయ్యే పెట్టుబడి, ఏటా నడిపే ఖర్చు మాత్రం జాంజిబార్ పక్షం భరిస్తుంది.

ఐఐటీల చరిత్ర తెలిసినవారికి ఈ పంపకం ఆసక్తి కలిగిస్తుంది. 1951లో వచ్చిన ఖరగ్‌పూర్‌ను పక్కన పెడితే, ఆ తరవాతి నాలుగు ఐఐటీలూ పరాయి దేశాల అండతో నిలదొక్కుకున్నవే. బొంబాయికి సోవియట్ యూనియన్, కాన్పూర్‌కు అమెరికా, ఢిల్లీకి బ్రిటన్ సాయపడ్డాయి. 1959లో మొదలైన మద్రాసుకు పశ్చిమ జర్మనీ యంత్రాలు పంపింది, ప్రయోగశాలలు అమర్చింది, తన ఆచార్యులను పంపి పాఠాలు చెప్పించింది. అంటే అప్పట్లో చదువు చెప్పడానికి వచ్చినవారే సామగ్రి కూడా తెచ్చారు. జాంజిబార్‌లో అలా కాదు. చదువు చెన్నై నుంచి వస్తుంది, డబ్బు స్థానికంగా సమకూరాలి. దీన్ని విదేశీ సాయమని పిలవడం సరికాదు. ఇద్దరికీ లాభం ఉందనుకుని కుదుర్చుకున్న ఒడంబడిక ఇది. ఆతిథ్య దేశానికి పేరున్న పట్టా తమ గడ్డ మీదే దొరుకుతుంది. భారత్‌కు ఆఫ్రికాలో పలుకుబడి పెరుగుతుంది. ఉత్తమ భారతీయ విశ్వవిద్యాలయాలు విదేశాల్లో క్యాంపస్‌లు పెట్టడాన్ని ప్రోత్సహించాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. ప్రైవేటు సంస్థలు అంతకు చాలాముందే ఈ దారి పట్టాయి. బిట్స్ పిలానీ 2000లోనే దుబాయ్‌లో క్యాంపస్ తెరిచింది. ప్రభుత్వ సంస్థలు ఆలస్యంగా కదిలాయి.

దీవి

జాంజిబార్ అంటే ప్రధానంగా ఉంగుజా, పెంబా దీవులు. 2022 జనగణన ప్రకారం జనాభా దాదాపు 19 లక్షలు. 1964 జనవరిలో విప్లవం వచ్చి సుల్తాను పాలన పోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో జాంజిబార్ టాంగన్యీకాతో కలిసింది. అలా ఏర్పడిన దేశమే టాంజానియా. అయినా జాంజిబార్‌కు సొంత అధ్యక్షుడు, శాసనసభ, విద్యాశాఖ ఉన్నాయి కాబట్టే ఒప్పందంలో దాని సంతకం కనిపిస్తుంది.

భారతీయులకు ఈ దీవి కొత్తదేమీ కాదు. లవంగాల వ్యాపారంలో గుజరాతీ వర్తకులు తరతరాలుగా పాతుకుపోయారు. 19వ శతాబ్దంలో ఇక్కడి సుంకాల వసూలు గుత్త కూడా ఒక భాటియా వర్తక కుటుంబం చేతిలో చాలాకాలం ఉండేది. 1930ల నడుమ దాకా ఇక్కడ చెలామణిలో ఉన్న నాణెం పేరు రూపాయే. విప్లవం తరవాత భారతీయ సంతతివారు చాలామంది వెళ్ళిపోయారు. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన స్టోన్ టౌన్ వీధుల్లో వారి ఇళ్ళ చెక్కడపు తలుపులు ఇప్పటికీ చూడవచ్చు.

చదువులు, ఫీజులు

మొదట రెండే కోర్సులు పెట్టారు. రెండూ డేటా సైన్స్, కృత్రిమ మేధకు సంబంధించినవే: నాలుగేళ్ళ బీఎస్, రెండేళ్ళ ఎంటెక్. తొలి ఏడాదికి ప్రకటించిన సీట్లు బీఎస్‌లో 50, ఎంటెక్‌లో 20. అన్ని దేశాలవారూ దరఖాస్తు చేసుకోవచ్చు, భారతీయులు కూడా. తొలి ఏడాది ఎంపిక జేఈఈతో కాక, విడిగా పెట్టిన పరీక్ష, ఇంటర్వ్యూలతో జరిగింది.

మొదట ప్రకటించిన ఫీజు బీఎస్‌కు ఏడాదికి 12,000 డాలర్లు, ఎంటెక్‌కు 4,000 డాలర్లు. టాంజానియా తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 1,200 డాలర్లు. అంటే ఉపకార వేతనం లేకుండా స్థానిక మధ్యతరగతి పిల్లలు డిగ్రీ చదవడం కష్టం. క్యాంపస్ ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు భవనాలను బట్టి రాదు, ఎంతమంది స్థానికులకు ఉపకార వేతనం అందుతుందన్నదాన్ని బట్టి వస్తుంది.

క్యాంపస్‌కు ఇన్‌ఛార్జి డైరెక్టరుగా కెమికల్ ఇంజనీరింగ్ ఆచార్యురాలు ప్రీతి అఘలాయం నియమితులయ్యారు. ఆమె ఐఐటీ మద్రాస్ పూర్వ విద్యార్థిని. ఐఐటీ క్యాంపస్ ఒకదానికి మహిళ సారథ్యం వహించడం అదే మొదటిసారి.

ఇతర అనుభవాలు

విదేశీ క్యాంపస్‌లన్నీ నిలవలేదు. ఆస్ట్రేలియాకు చెందిన న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం 2007 మార్చిలో సింగపూర్‌లో తెరిచిన క్యాంపస్, అనుకున్నంతమంది చేరక, అదే ఏడాది జూన్‌లో మూతపడింది. ఖతార్‌లో 2003 నుంచి నడుస్తున్న టెక్సాస్ ఏ అండ్ ఎం క్యాంపస్‌కు డబ్బు కొరత లేదు, ఖర్చు ఖతార్ ఫౌండేషనే పెట్టేది. అయినా పశ్చిమాసియాలో అస్థిరతను కారణంగా చూపి, 2028 నాటికి దాన్ని మూసేయాలని అమెరికాలోని మాతృసంస్థ పాలకమండలి 2024 ఫిబ్రవరిలో తీర్మానించింది. మొదటి ఉదంతంలో విద్యార్థులు కరువయ్యారు, రెండోదానిలో పేరున్నవారే తప్పుకున్నారు. జాంజిబార్ ఏర్పాటు రెండోదానికి దగ్గర. చెన్నై మనసు మార్చుకుంటే దీవికి మిగిలేవి భవనాలు, జాంజిబార్ బడ్జెట్ కుంగితే చెన్నైకి మిగిలేది ఇచ్చిన మాట.

ఈ బాటలో ఇతర సంస్థలూ వచ్చాయి. ఐఐటీ ఢిల్లీ 2023 జులైలోనే అబూ ధాబీ క్యాంపస్‌కు ఒప్పందం చేసుకుని, 2024 జనవరిలో ఎంటెక్ తరగతులు మొదలుపెట్టింది.

తెలుగు విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక్క మాట. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు వేరు, ఇది వేరు. అది ఇంటి నుంచి చదువుకునేది, ఇది దీవికి వెళ్ళి తరగతిలో కూర్చుని చదివేది. రెండూ బీఎస్‌లే కావడంతో పొరబడడం సులువు. జాంజిబార్ కోర్సు జేఈఈ ర్యాంకుతో చెన్నైలో చేరే బీటెక్ కూడా కాదు. డబ్బు కట్టేముందు కోర్సు పేరు, ఆ ఏడాది ఫీజు, ఎంపిక పద్ధతి సంస్థ ప్రకటనలోనే చూసుకోండి.