అడ్డపొగ – కళింగసీమలో అంగిలి రాచపుండు కథ

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడినది. అందలి గిరీశమును, అతని చుట్టను ఎఱుగని తెలుగువాడు లేడు. గిరీశము చుట్టకు నిప్పు బయట నుండును. అదే విజయనగరము చుట్టుపట్ల పల్లెలలోను, శ్రీకాకుళపు సముద్రతీరమునను మన తల్లులు, అవ్వలు కాల్చిన చుట్టకు నిప్పు నోటిలోపల నుండెడిది. దీనికి అడ్డపొగయని పేరు. ఈ అడ్డపొగకును, పెద్దలు రాచపుండనియు ఇప్పటివారు కాన్సరనియు పిలుచు వ్యాధికిని గల సంబంధము ఎట్లు బయటపడినదో, బయటపడిన పిమ్మట ఏమి జరిగినదో నేడు మనవి చేసెదను.

పొగాకు మన నేల మొక్క కాదు. పోర్చుగీసువారి ఓడలతో అమెరికా ఖండమునుండి వచ్చి, 17వ శతాబ్దమునకు తూర్పుతీరమున వేళ్ళూనుకొన్నది. చుట్టను తిప్పి కాల్చుటకు మా ప్రాంతపు స్త్రీలు చెప్పు కారణములు పెక్కు గలవు. గాలికి ఆరదు, వానకు తడియదు, నుసి చీరమీదను చంటిబిడ్డమీదను రాలదు, చేతులు రెండును పనికి మిగులును. గాలిమాట మొదట నాకును నమ్మదగినదిగానే తోచినది. కాని సముద్రము కనబడని మెట్టపల్లెలలోను ఈ అలవాటు గలదు గదా! దంపుడు పాటలవలె, ముగ్గులవలె ఇదియు తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి సంక్రమించినదనుటయే సమంజసము. చిన్నతనమున నేను చూచిన ముసలమ్మలు నిప్పుకొనను పంటివెనుక దాచి, రెండవకొన పెదవులతో పట్టుకొని, నుసిని నేర్పుగా ఉమియుచు, మాటయు ఆడుచుండెడివారు. పెదవులు తడిగా నుండుటచే చుట్ట మెల్లగా కాలి చాలసేపు వచ్చెడిది. ఒక చుట్ట రెండు మూడు పూటలకు సరిపెట్టుట కూడ పొదుపులో నొక భాగము.

విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసినది. దానితో ఈ తీరపు రోగులు ఒకచోటికి చేరి, చదువుకొన్న కన్నులకు కనబడిరి. 1937లో కిణి, సుబ్బారావు అను వైద్యులు కాన్సరును గూర్చి వ్రాసిన వ్యాసమున, నిప్పుకొన లోపలికి పెట్టి చుట్ట కాల్చువారికి అంగిలిపై ఈ వ్యాధి పుట్టుచున్నదని తెలిపిరి. 1945లో బొంబాయి టాటా స్మారక వైద్యశాలకు చెందిన ఖనోల్కరుగారు, సూర్యాబాయిగారు కలిసి ఒక అమెరికా పత్రికలో మన దేశపు అలవాట్లవలన కలుగు మూడు విధముల కాన్సరులను వర్ణించిరి. నడుమున ధోవతి ఒఱయుచోట పుట్టునది యొకటి. పొగాకు సున్నము కలిపి పెదవిలోపల ఉంచుకొనువారికి వచ్చునది రెండవది. మూడవది మన చుట్టది. 1957లో గోవిందరెడ్డి, రావు అను వైద్యులు ఆంధ్రతీరపు అంగిలి కాన్సరునకు అడ్డపొగయే కారణమని మరింత విశదముగా వ్రాసిరి.

ఇచ్చట జిల్లాల పేర్లను గూర్చి ఒక మాట. 1937లో శ్రీకాకుళము జిల్లాయు లేదు, విజయనగరము జిల్లాయు లేదు. అంతయు విశాఖపట్టణము జిల్లాయే. మొదటిది 1950 ఆగస్టు 15వ తేదీని, రెండవది 1979 జూన్ 1వ తేదీని ఏర్పడినవి. 1966 నాటి శ్రీకాకుళము జిల్లాలో బొబ్బిలి, సాలూరు, పార్వతీపురము, చీపురుపల్లి కూడ చేరియుండెను. కావున పాత వ్యాసములలో విశాఖపట్టణపు వ్యాధియనియు, తరువాతి లెక్కలలో శ్రీకాకుళపు వ్యాధియనియు కనబడునది ఒక్కటే; అదే పల్లెలు, అదే స్త్రీలు.

ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కించుట వేఱు, ఊరిలోని వారినందరిని లెక్కించుట వేఱు. రానివారి సంగతి ఆసుపత్రి పుస్తకమునకు తెలియదు. ఈ కొఱత తీర్చుటకు 1966, 67 సంవత్సరములలో బొంబాయినుండి ఫాలీ మెహతా అను దంతవైద్యుడును, డెన్మార్కు దేశపు ఆచార్యుడు పిండ్‌బోర్గును, వారి సహచరులును శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకులము, గుజరాతులోని భావనగరము, నాటి బీహారులోని సింగభూము, దర్భంగా అను ఐదు జిల్లాలలో ఇంటింటికి పోయి 50,915 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించిరి. మన జిల్లాలో చూచినవారు 10,169 మంది. అందు నూటికి సుమారు 44 మంది అడ్డపొగ త్రాగువారే! అంగిలిపై కాన్సరు కనబడినవారు ఆ గుంపులోనివారే. ఈ లెక్కలు 1971లో ప్రకటింపబడినవి.

ఈ లెక్కలలో నన్ను నిలిపి ఆలోచింపజేసినవి రెండు. దేశమున తక్కినచోట్ల నోటి కాన్సరు బుగ్గలోపలనో, చిగురు ప్రక్కనో, నాలుకమీదనో పుట్టును. అంగిలిపై పుట్టుట అరుదు. ఇచ్చట అంగిలియే దాని పీట. తమలపాకు, పొగాకు నమలువారికి ముద్ద నిలిచినచోట పుండు లేచినట్లే, ఇచ్చట నిప్పుసెగ తగిలినచోట లేచుచున్నది. అడ్డపొగ కాల్చునప్పుడు నోటిలోపలి గాలి వేడిమి 120 డిగ్రీల సెంటిగ్రేడువరకు పోవునని కొలిచినవారు వ్రాసిరి. వేడిమి, పొగలోని విషము రెండును ఒక్కచోట పనిచేయును. రెండవది, ఇతర ప్రాంతములలో ఈ రోగము పురుషులలో హెచ్చు. ఇచ్చట స్త్రీలది పైచేయి. జమైకా, పనామా, కొలంబియా, ఫిలిప్పీను దీవులు, మన గోవా – ఎచ్చటెచ్చట చుట్టను తిప్పి కాల్చుదురో అచ్చట కూడ వైద్యులు అంగిలినే పరీక్షింపవలసివచ్చినది.

ఉద్దానములో మూత్రపిండముల వ్యాధికి కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. అదే జిల్లాలో ఈ రెండవ వ్యాధి కారణము 1937లోనే తెలిసినది. తెలిసియు స్త్రీలు చనిపోవుచుండుట ఏమి?

వ్యాధి నడక చూడుడు. మొదట అంగిలి తెల్లబారును. చిన్నచిన్న బొడిపెలు, వాని నడుమ ఎఱ్ఱని చుక్కలు కనబడును. పిమ్మట తెల్లమచ్చలు, కొందఱికి ఎఱ్ఱమచ్చలు. ఎఱ్ఱమచ్చ మిక్కిలి అపాయకరము. ఇంతవరకు నొప్పి యుండదు. నొప్పి లేనిదానికి కూలి మానుకొని పట్టణము పోవు స్త్రీ యెవరు? చుట్ట కాలినదిలే యని ఊరకుండును. అంగిలి వెనుకనే ఎముక గలదు. పుండు ఎముకను తినునప్పటికి పండ్లు కదలును, మెడలో బిళ్ళలు కట్టును, మ్రింగిన గంజి ముక్కునుండి వచ్చును. అప్పుడు పైదవడలో కొంత కోసి తీసివేసి, ఆ రంధ్రమునకు పలక అమర్చి, కిరణచికిత్స చేయవలెను. మచ్చగా నున్నప్పుడు వచ్చినవారును, బిళ్ళలు కట్టినపిమ్మట వచ్చినవారును ఒకే వైద్యుని చేతిలో పడినను వారి ఆయువులు ఒకటి గావు. 2007 ఏప్రిలు 1వ తేదీని ఆరోగ్యశ్రీ పథకము మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. దానితో కాన్సరు చికిత్సకు డబ్బు లేదను మాట చాలవరకు తగ్గినది. నోరు తెఱచి చూపించుట మాత్రము ఇంటిలోనే జరుగవలెను. ముసలమ్మ నోరు చూచు అలవాటు మన యిండ్లలో లేదు. కాలు వాచిన చూతుము, కన్ను మసకబారిన చూతుము.

మాన్పింప వీలగునా యను ప్రశ్నకును పరీక్ష జరిగినది. 1977–78 మొదలు శ్రీకాకుళము, ఎర్నాకులము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందికి పైగా గ్రామీణులను ఏటేట పరీక్షించుచు, మానుడని ముఖాముఖిగా చెప్పిరి. చలనచిత్రములు, గోడపత్రికలు, నాటకములు, రేడియో – అన్నిటిని వాడిరి. రేడియోకు ఇందు పాలుండుట ఈ ప్రసంగము చేయుచున్న నాకు సంతోషము. 1986లో లండను వైద్యపత్రిక లాన్సెటులోను, పదేండ్ల ఫలితము 1992లోను వెలువడినవి. బోధ పొందనివారికంటె పొందినవారిలో మానినవారు, తగ్గించినవారు హెచ్చు. వారిలో క్రొత్తమచ్చలు పుట్టుటయు తగ్గినది. నలువది ఏండ్ల అలవాటును ముసలితనమున మానలేరను మాట మా యూళ్ళలో తఱచు వినబడును. ఆ లెక్కలు దానిని నిలువనీయలేదు.

నేటికిని తీరగ్రామములలో సాయంకాలపువేళ అరుగులమీద అడ్డపొగ త్రాగు స్త్రీలు కనబడుచున్నారు. నేను చూచినంతలో వారు చాలవరకు అరువది దాటినవారు. ప్రక్కనే కూర్చున్న కోడలి నోట చుట్ట లేదు.