ఆర్-5: ఒక సెంటు, ఒక ఎకరం

మంగళగిరిలో బండి తిప్పి, మీరు ఎర్రబాలెం మీదుగా కృష్ణాయపాలెం దారి పట్టారు. 2023 మే నెల, మూడో వారం దాటింది. తొమ్మిదన్నా కాలేదు, ఎండ అప్పుడే వీపు మీద చురుక్కుమంటోంది. రోడ్డుకి రెండు వైపులా పొలాలే, కానీ ఎక్కడా అరక జాడ లేదు. అమరావతి రాజధానికని 2015లో భూసమీకరణకి, అంటే పూలింగుకి ఇచ్చాక దున్నకుండా వదిలేసిన నల్లరేగడి ఇది. గట్లు చెరిగిపోయాయి. ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో, ఆ చేను దున్నిన మనిషి కూడా ఇప్పుడు తడుముకోవాల్సిందే. పత్తి, మిరప, మొక్కజొన్న పండిన చోట మనిషిని మించిన చిల్లచెట్లు.

ఆ కంపలోకి పొక్లెయిన్లు దిగాయి. ఒకటి వేళ్లతో సహా పెకలించి పక్కకి నెడుతోంది, వెనకే ఇంకోటి నేల చదును చేస్తోంది. గ్రావెల్ ట్రాక్టర్లు వచ్చి పోతున్నాయి. నెత్తిన తువ్వాళ్లు చుట్టుకున్న సర్వే కుర్రాళ్లు రాళ్లు పాతుకుంటూ పోతున్నారు. ఈ నెల 17న సుప్రీంకోర్టు ఇక్కడ పేదలకి ఇళ్ల పట్టాలు పంచవచ్చంది. హైకోర్టులో ఉన్న కేసుల తుది తీర్పుకి లోబడే ఆ పట్టాలు చెల్లుతాయని కూడా అంది. 26న వెంకటపాలెంలో పట్టాలు పంచే సభ. అందుకే ఇంత హడావుడి.

బండి దిగి లోపలికి నడవండి. పేదల ఇళ్లకని కేటాయించిన ఆర్-5 జోన్ ఇదే.

కాళ్ల దగ్గర ఒక రాయి, దాని మీద ఎర్ర రంగుతో నంబరు. తర్వాతి రాయి దాకా మామూలు అంగలు వేస్తే ఎనిమిదో తొమ్మిదో. ఇక్కడ ఒక్కో కుటుంబానికి వచ్చేది ఒక సెంటు, అంటే 48 గజాలు. నలుచదరంగా గీస్తే ఒక్కో వైపు 21 అడుగులు కూడా ఉండదు. అందులోనే గది, వంటిల్లు, మరుగుదొడ్డి, నీళ్ల డ్రమ్ము, బట్టలారేసే తీగ. వంగి నేల చూడండి. ఇంకా గ్రావెల్ పడని చోట నెర్రెలు విచ్చుకుని ఉంది. వేళ్లు పెడితే మణికట్టు దాకా దిగుతాయి. వాన పడితే ఇదే రేగడి ఉబ్బుతుంది, ఎండితే మళ్లీ పగులుతుంది, దానితోపాటు గోడా పగులుతుంది. ఈ నేలలో పునాది లోతుగా తీసి ఇసుక నింపాలని ఇక్కడి మేస్త్రీలందరికీ తెలుసు. పేదల ఇంటికి ప్రభుత్వం లెక్కగట్టిన ఖర్చు లక్షా 80 వేలు. అందులో పునాదికి ఎంత పోతుందో ఈ నెర్రెలు చూస్తేనే అర్థమవుతుంది.

మీకన్నా ముందే ఒకావిడ వచ్చి ఉంది. బెజవాడలో కొండ మీద అద్దె గది, నాలుగిళ్లలో పని. జాబితాలో పేరుందని వాలంటీరు చెప్పాడట. సభ రోజు జనంలో స్థలం సరిగ్గా చూడలేమని ఆటో మాట్లాడుకుని మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఏ రాయి తనదో ఇంకా తెలియదు. అయినా ఒక రాయి పక్కన నిలబడి చుట్టూ కలయజూస్తోంది. సర్వే కుర్రాణ్ని ఆమె అడిగింది ఒక్కటే:

"బాబూ, బస్సు ఎందాకా వస్తది?"

ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. "వస్తదిలేమ్మా, అన్నీ వస్తయ్" అని టేపు లాక్కుంటూ ముందుకి పోయాడు. తెల్లారి ఆరింటికి అంట్లు తోమడానికి గుమ్మం ముందుండాల్సిన మనిషికి ఇల్లెంత ముఖ్యమో బస్సూ అంత ముఖ్యం. ప్రణాళిక రాసేవాళ్లు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

ఇప్పుడు ఊళ్లోకి రండి, రైతుల శిబిరం దగ్గరికి. రాజధానిని మూడు చోట్లకి విడదీస్తామన్న మూడు రాజధానుల మాట 2019 డిసెంబర్ 17న వచ్చింది. అప్పుడు లేచిన శిబిరాలు పన్నెండు వందల రోజులు దాటాయి. నీడన కుర్చీలు, మట్టికుండ, మెడలో ఆకుపచ్చ కండువాలు. కూర్చున్నవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. ఒక పెద్దావిడ మిమ్మల్ని చూసి కుర్చీ జరిపింది. "కూర్చో అబ్బాయ్, ఎండన పడొచ్చావు" అంటూ మంచినీళ్లిచ్చింది. ఒళ్లో పాలిథిన్ కవరు ఉంది. అడక్కుండానే విప్పింది.

మొదటి కాగితం 9.3, పూలింగుకి ఒప్పుకుంటూ పెట్టిన సంతకం. రెండోది 9.14, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏతో ఒప్పందం. ఈ ఊళ్లలో ఈ నంబర్లు తెలియనివాళ్లు ఉండరు. మూడోది లాటరీలో వచ్చిన ప్లాట్ల కాగితం. ఆమెది మెట్ట, ఎకరం. ఎకరం అంటే 4,840 గజాలు. అందుకు బదులుగా తిరిగొచ్చేది వెయ్యి గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. పదేళ్ల పాటు కౌలు: ఏడాదికి 30 వేలతో మొదలై ఏటా కొంత పెరుగుతుంది. ఆ ప్లాటు ఎక్కడుందో ఆమెకి కాగితం మీదే తెలుసు. అక్కడికి దారి లేదు, కంప అడ్డం.

"మేం పేదోళ్లకి అడ్డమంట. నాకున్నదే ఎకరం అబ్బాయ్, అదీ ఇచ్చేశా. నేనేం జమీందార్నా?" అంది. కాసేపాగి, "ఆ రోజు తెర మీద బొమ్మేసి చూపిచ్చారు. ఇక్కడ కంపెనీలొస్తయ్, ఇక్కడ పిల్లలకి పనులొస్తయ్, దాన్నిబట్టి మీ ప్లాటుకి ధరొస్తదని చెప్పారు. ఇప్పుడా బొమ్మ మార్చారు. మార్చేటప్పుడు నన్నడగొద్దా?"

ఆమె చెప్పే బొమ్మ 2016 ఫిబ్రవరిలో ఖాయమైన రాజధాని మాస్టర్ ప్లాన్. అందులో నివాస జోన్లు నాలుగే: ఊళ్లకి ఆర్-1, ఆ పైన జనసాంద్రతను బట్టి ఆర్-2, ఆర్-3, ఆర్-4. 33 వేల ఎకరాలకి పైగా ఇచ్చిన సుమారు 28 వేల మంది రైతులకి ఆ రంగుల పటమే హామీపత్రం. వాళ్లలో ఎక్కువమంది రెండెకరాల లోపు వాళ్లే. డబ్బు తీసుకుని అమ్మినవాడు పటం మారినా పట్టించుకోకపోవచ్చు. వీళ్లు అమ్మలేదు. రాబోయే పటాన్ని నమ్మి నేల ఇచ్చారు. అందుకే ఆ పటంలో ఒక రంగు మారినా వీళ్ల ఆస్తి మారినట్టే.

మార్చే ప్రయత్నం 2020 ఫిబ్రవరిలోనే మొదలైంది. 1,251 ఎకరాల్లో బయటి ప్రాంతాల పేదలకి స్థలాలిస్తామంటూ జీవో 107 వచ్చింది. మరుసటి నెలలోనే హైకోర్టు ఆపేసింది. 2022 మార్చి 3న అదే హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం, రైతుల ప్లాట్లు మూడు నెలల్లో అభివృద్ధి చేసి ఇవ్వాలనీ, పూలింగు భూమిని రాజధాని అవసరాలకి తప్ప అన్యాక్రాంతం చేయొద్దనీ చెప్పింది. ఆ అక్టోబర్లో సీఆర్‌డీఏ చట్టమే సవరించారు. ఐనవోలు, మందడం, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు ఊళ్ల పరిధిలో సుమారు 900 ఎకరాల్ని ఆర్-5గా చూపిస్తూ ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలుంటే చెప్పడానికి పదిహేను రోజులు.

ఆ పదిహేను రోజులు ఈ ఊళ్లలో ఎలా గడిచాయో ఊహించుకోండి. సర్వే నంబర్ల జాబితా ముందేసుకుని చదువుకున్న పిల్లలు చదివి వినిపించడం, తెల్లకాగితం మీద అభ్యంతరం రాయించడం, సంతకమో వేలిముద్రో పెట్టి ఇవ్వడం. అంతకు కొద్ది వారాల ముందే, 22 ఊళ్లని కలిపి మున్సిపాలిటీ చేస్తామంటే గ్రామసభల్లో వద్దని చేతులెత్తిన జనం వీళ్లు. మాట్లాడటం చేతకానివాళ్లేం కాదు. 2023 మార్చి 21న మాత్రం ఆర్-5 గెజిట్లోకి ఎక్కింది. నెలాఖరుకి 1,134 ఎకరాల్ని గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లకి అప్పగిస్తూ జీవో 45 వచ్చింది, తర్వాత మరో 268 ఎకరాలు కలిశాయి. అభ్యంతరం చెప్పినవాడికి "నీ మాట విన్నాం, ఇందువల్ల ఒప్పుకోలేదు" అని ఒప్పించే జవాబు రానప్పుడు ఆ పదిహేను రోజుల గడువుకి అర్థమేముంది? ఏ ఊరి పటానికైనా ఇదే అడుగుతాను.

ప్రభుత్వం వాదనలోనూ బలముంది, దాన్ని పక్కకి నెట్టేయలేం. సీఆర్‌డీఏ చట్టం 2014లో చేసినప్పుడే పూలింగు భూమిలో 5 శాతం పేదల ఇళ్లకి ఉంచాలని రాశారు. ఆ మాట ప్రకారం చూస్తే బెజవాడ కొండ మీది ఆవిడకి ఈ నేలలో చోటు దానం కాదు, చట్టంలో ఉన్న హక్కే అన్నది ప్రభుత్వ వాదన. ఆ 5 శాతం ఈ ప్రాంతపు పేదలకోసమనీ, దానికి పటంలో పద్ధతి ఉందనీ రైతుల మాట. నాకు కనపడే తప్పు ఇంకా వెనక ఉంది. 2016లో రంగులద్దిన రోజునే ఆ 5 శాతం ఏయే వీధుల్లో, ఏ బస్సు దారి పక్కన, ఏ బడికి దగ్గర్లో అన్నది సర్వే నంబర్లతో గీసి ఊరూరా చూపించి ఉంటే, పెద్దావిడ దాన్ని కూడా చూసే తన ప్లాటు కాగితం అందుకునేది. ఏడేళ్ల తర్వాత పేదలందరినీ ఒక్కచోట, ఒక్క రంగు కింద, సెంటు చొప్పున కుక్కాల్సిన పని ఉండేది కాదు. ఒక ప్రభుత్వం ఆ ఖాళీ వదిలింది, ఇంకో ప్రభుత్వం దాన్ని ఆయుధం చేసుకుంది. మధ్యలో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరి చేతిలోనూ సర్కారు ముద్ర ఉన్న కాగితాలే.

మే 26న వెంకటపాలెం సభకి బస్సులు వరసకట్టాయి. 25 లేఅవుట్లలో 50,793 పట్టాలు. పట్టా అందుకున్నవాళ్లలో మొదటిసారి తన పేరున ఆస్తి కాగితం చూసుకున్న ఆడవాళ్లు ఎందరో. ఆ సంతోషం నిజం, దాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. కృష్ణాయపాలెంలో జూలై 24న ఇళ్లకి శంకుస్థాపన జరిగింది. పది రోజులకి, ఆగస్టు 3న, ఇళ్ల నిర్మాణం ఆపమని హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. మేస్త్రీలు వెళ్లిపోయారు. ఆ వానాకాలంలోనే రాళ్ల చుట్టూ చిల్ల మళ్లీ మొలిచింది.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఈసారి తీసేసింది పెద్దావిడ ఊళ్లోని కంప: ఆమె ప్లాటు దాకా దారి వేసే పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆర్-5 పట్టాదారులకి వాళ్ల ప్రాంతాల్లోనే వేరే చోట స్థలాలిస్తామని కొత్త ప్రభుత్వం చెప్పింది. బెజవాడ ఆవిడ ఇప్పుడు ఆ వేరే చోటు ఎక్కడా అని అడగాలి. బస్సు సంగతి ఆ తర్వాత.

2025లో రెండో విడత పూలింగు మాట ఎత్తారు, తుళ్లూరు, అమరావతి మండలాల ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. వాటిలో కూర్చునే రైతులకి ఒక్క మాట చెప్పాలనుంది. 9.3 మీద సంతకం పెట్టేముందు మీ ప్లాటు ఎక్కడని అడగండి, దాంతోపాటు ఆ 5 శాతం ఎక్కడని కూడా అడగండి. సర్వే నంబర్లతో సహా పటం మీద చూపించమనండి, ఆ పటం పంచాయతీ ఆఫీసు గోడకి అంటించమనండి. ఆ సభకి బెజవాడ, మంగళగిరి, తాడేపల్లి అద్దె ఇళ్లవాళ్లని కూడా పిలవమనండి.