సరిహద్దు గాథ – చారిత్రక సాక్ష్యం : గ్రెగోరియో కోర్తెస్ కొరీదో

అమెరికా, మెక్సికో దేశాల సరిహద్దు పోరాటాలను గురించి ఆంగ్లంలో వెలువడిన తొలితరం గ్రంథాలలో టెక్సస్ రేంజర్ వీరుడు, మెక్సికన్ దోపిడీదారు. అదే నేలమీద స్పానిష్ భాషలో పాడుకొన్న కథాగేయాలలో ఈ పాత్రలు తారుమారవుతాయి. ఆ గేయాలను ‘కొరీదో’లంటారు. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది గ్రెగోరియో కోర్తెస్ కొరీదో. 1901 జూన్‌లో పది రోజులపాటు సాగిన ఒక పలాయనం దాని ఇతివృత్తం. న్యాయస్థానాల రికార్డుతో పోల్చి చూస్తే ఈ గాథ కొన్ని ఘట్టాలలో వాస్తవం నుంచి పక్కకు తొలగుతుంది. అలా తొలగిన చోట్లే దాని చారిత్రక విలువ అధికమని నిరూపించడానికి ఆధారాలున్నాయి.

ఈ పలాయనానికి అర్ధశతాబ్దికి మించిన పూర్వరంగం ఉంది. 1836లో మెక్సికో నుంచి విడిపోయిన టెక్సస్ 1845లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విలీనమైంది. టెక్సస్‌కు దక్షిణపు ఎల్ల న్యూసెస్ నది అని మెక్సికో, ఇంకా దక్షిణాన ఉన్న రియో గ్రాండే అని అమెరికా వాదించాయి. (ఆ రెండవ నదిని మెక్సికన్లు రియో బ్రావో అంటారు. సరిహద్దుగా స్థిరపడిన నదికి ఇరువైపులా ఒకే పేరైనా లేదు.) 1846 ఏప్రిల్‌లో ఈ రెండు నదుల నడుమ ఒక అమెరికన్ గస్తీదళంపై మెక్సికన్ సేన దాడి చేసింది. అదే యుద్ధానికి దారితీసింది. 1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో టెక్సస్‌పై హక్కు వదులుకొని, ఐదు లక్షల చదరపు మైళ్లకు పైబడిన భూభాగాన్ని కోటి యాభై లక్షల డాలర్లకు అప్పగించింది. కొత్త ఎల్లకు ఉత్తరాన మిగిలిపోయిన మెక్సికన్ల ఆస్తులకు రక్షణ కల్పిస్తామన్న హామీ ఆ ఒప్పందంలోనే ఉంది. అది ఎంతవరకు నిలిచిందో 1859లో బ్రౌన్స్‌విల్ పట్టణంలో తేటతెల్లమయింది. పూర్వం తన వద్ద పనిచేసిన మనిషిని పట్టణపు మార్షల్ కొడుతుండగా చూసిన హువాన్ కోర్తీనా ఆ మార్షల్‌ను కాల్చి గాయపరిచాడు. రెండు నెలల తరువాత అనుచరులతో తిరిగివచ్చి ఆ పట్టణాన్నే ఆక్రమించాడు.

కోర్తెస్ కథ మాత్రం తిరుగుబాటుతో మొదలుకాలేదు. ఒక అనువాద దోషంతో మొదలైంది. 1875లో మెక్సికో వైపు పుట్టి, బాల్యంలోనే కుటుంబంతో టెక్సస్‌కు వచ్చిన గ్రెగోరియో, తన అన్న రోమాల్దోతో కలిసి కార్న్స్ కౌంటీలో భూమి కౌలుకు తీసుకొని సేద్యం చేస్తుండేవాడు. 1901 జూన్ 12న గుర్రాల దొంగను వెదుకుతూ షెరీఫ్ మోరిస్ వాళ్ల ఇంటికి వచ్చాడు. అతనికి స్పానిష్ రాదు. వెంట వచ్చిన దుబాసి బూన్ చోట్‌కు వచ్చినది అరకొర స్పానిష్. ఇటీవల ‘కబాయో’ను మారకం వేశావా అని అడిగితే లేదని గ్రెగోరియో బదులిచ్చాడు. అది అబద్ధం కాదు. అతడు మారకం వేసినది ‘యేగువా’ను. స్పానిష్‌లో మొదటిది మగగుర్రం, రెండవది ఆడగుర్రం. ఆంగ్లంలో ‘హార్స్’ అన్న మాట రెండింటికీ చెల్లుతుంది. (తెలుగులో ‘గుర్రం’ కూడా అంతే. ‘గోడిగ’ అన్న పాతమాట నేడు నిఘంటువులకే పరిమితం.) ఆడినది అబద్ధమని తలచిన షెరీఫ్ నిర్బంధానికి పూనుకొన్నాడు. ఏ నేరమూ లేనిదే నిర్బంధించడం తగదని గ్రెగోరియో అన్న మాట, తనను ఎవడూ నిర్బంధించలేడన్న ధిక్కారంగా షెరీఫ్ చెవికి చేరింది. షెరీఫ్ తుపాకి తీసి, ముందుకు వచ్చిన రోమాల్దోను కాల్చాడు. గ్రెగోరియోపై కాల్చిన గుండు గురితప్పింది. గ్రెగోరియో తిరిగి కాల్చగా షెరీఫ్ మరణించాడు. గాయపడిన రోమాల్దో అటు తరువాత జైలులో కన్నుమూశాడు.

అక్కడినుంచి గ్రెగోరియో దాదాపు వంద మైళ్లు నడిచాడు, నాలుగు వందల మైళ్లకు పైగా స్వారీ చేశాడు. నడుమ బెల్మాంట్ సమీపంలో తలదాచుకొన్న ఇంటిపై రాత్రివేళ జరిగిన దాడిలో గొంజాలెస్ కౌంటీ షెరీఫ్ గ్లోవర్ హతుడయ్యాడు. వెంబడించిన జట్లలో వందల మంది చేరారు. ఆ రోజుల్లోనే గ్రెగోరియో భార్యాబిడ్డలను జైలులో పెట్టారు. అతనికి సాయపడ్డారన్న అనుమానంతో ఎందరో మెక్సికన్లను పట్టి బంధించారు. కొందరు ప్రాణాలే కోల్పోయారు. చివరకు జూన్ 22న, సరిహద్దు చేరువలో, లరేడో దగ్గరి ఒక గొర్రెల మందవద్ద అతడు పట్టుబడ్డాడు. ఆచూకీ చెప్పినవాడూ మెక్సికనే.

పాట ఈ పది రోజులను ఎలా చెబుతుందన్నది ప్రధానమైన ప్రశ్న. సాధారణంగా ఎనిమిది అక్షరాల పాదాలు నాలుగింటితో ఒక చరణం, రెండవ నాలుగవ పాదాలకు ప్రాస, చివర గాయకుడు పాట పేరు చెప్పి సెలవు తీసుకొనే చరణం కొరీదో లక్షణాలు. ఈ ఇరుకైన చట్రంలో వివరాలకు చోటు తక్కువ. అందువల్ల ఏ వివరం మిగిలింది, ఏది మారింది అన్నది యాదృచ్ఛికం కాదు. పాటలో వెంబడించినవారంతా ‘రించె’లే. రేంజర్ అన్న ఆంగ్లపదానికి ఇది సరిహద్దు స్పానిష్ రూపం. వాస్తవానికి వారిలో రేంజర్లు కొద్దిమందే, మిగిలినవారు షెరీఫుల మనుషులు, చుట్టుపక్కల పశువుల ఆసాములు. సరిహద్దు ప్రజల వాడుకలో గుర్రమెక్కి తుపాకి పట్టి మెక్సికన్‌ను తరిమే ప్రతి తెల్లవాడూ రించెయే. ఇది పొరపాటుగా కనిపించే అనుభవసారం.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు ముగింపులో ఉంది. పాటలో కోర్తెస్ పట్టుబడడు. తనంతట తానే లొంగిపోతాడు. తన మూలంగా తనవాళ్లు హింసపాలవుతున్నారని తెలిసి లొంగిపోయాడని జనశ్రుతి కారణం చెబుతుంది. లొంగుబాటు కల్పితం. కాని దానికి చూపిన కారణం కల్పితం కాదు. నిర్బంధాలు జరిగాయి, చావులు జరిగాయి, భార్యాబిడ్డలు జైలులో ఉన్నారు. ఒక వ్యక్తి వేటలో ఒక సమాజమంతా పొందిన శిక్షను ఇరుకైన చరణాలలో నిలపడానికి గాయకులు నాయకుని చేత లొంగుబాటు చేయించారు. ద్రోహి చెప్పిన ఆచూకీ ఆ సమాజానికి తలవంపు, స్వచ్ఛంద త్యాగం గౌరవం అన్న ప్రేరణ కూడా ఇందులో ఉండి ఉంటుంది. రెండూ కలిసే పనిచేశాయనడం సబబు.

న్యాయస్థానాల కథనం మరోరకమైన చిక్కుముడి. గొంజాలెస్‌లో యాభై ఏళ్ల శిక్ష, కార్న్స్‌లో మరణశిక్ష పడగా పై న్యాయస్థానం రెండింటినీ రద్దుచేసింది. 1904లో కార్పస్ క్రిస్టీలో మోరిస్ మరణం ఆత్మరక్షణలో జరిగినదని తేలి కోర్తెస్ ఆ అభియోగం నుంచి విడుదలయ్యాడు. అంటే అసలు తగవులో పాట చెప్పినదే న్యాయస్థానమూ చెప్పింది, మూడేళ్లు ఆలస్యంగా. గ్లోవర్ హత్యకు పడిన యావజ్జీవ శిక్ష మాత్రం నిలిచింది. 1913లో గవర్నర్ కోల్‌క్విట్ క్షమాభిక్ష ఇచ్చాడు. మూడేళ్లకే కోర్తెస్ మరణించాడు.

1935లో వాల్టర్ ప్రెస్కాట్ వెబ్ రచించిన రేంజర్ల చరిత్ర చాలాకాలం ప్రామాణికంగా చెల్లింది. బ్రౌన్స్‌విల్‌లోనే పుట్టిన జానపద విద్వాంసుడు అమెరికో పరేదెస్ 1958లో వెలువరించిన కోర్తెస్ అధ్యయనం దానికి ప్రత్యక్ష సమాధానం. ముందు జనశ్రుతిని, తరువాత రికార్డు చెప్పే జీవితాన్ని, ఆపైన పాఠాంతరాలను వేరువేరుగా పరిశీలించడం ఆయన పద్ధతి. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయక, రెంటి నడుమ ఎడాన్నే ఆయన పరిశోధనాంశం చేసుకొన్నాడు. వీరగాథలలోని ‘చారిత్రక సత్యాంశం’ ఏరి తక్కినది పారవేసే అలవాటు తెలుగు గాథల అధ్యయనంలోనూ కొంత ఉన్నందున ఈ పద్ధతి ఇక్కడ పరిశీలనార్హం.

కోర్తెస్ మరణించిన కాలానికి సరిహద్దు మరింత రక్తసిక్తమైంది. 1915 నాటి అలజడులలో వందల సంఖ్యలో మెక్సికన్లు విచారణ లేకుండా హతులయ్యారు. 1918 జనవరి 28న పోర్వెనీర్ గ్రామంలో పదిహేనుమంది పురుషులను, బాలురను రేంజర్లు, స్థానిక ఆసాములు కలిసి కాల్చిచంపారు. మరుసటి ఏడు బ్రౌన్స్‌విల్ శాసనసభ్యుడు హోసె కనాలెస్ రేంజర్లపై పంతొమ్మిది ఆరోపణలు చేయగా శాసనసభ విచారణ జరిపింది. రేంజర్ల సంఖ్యను తగ్గించింది. సాక్షుల వాఙ్మూలాలను మాత్రం అచ్చువేయించలేదు. 1970ల వరకు అవి పరిశోధకులకు విస్తృతంగా అందుబాటులోకి రాలేదు. ఆ మధ్యకాలమంతా నదికి ఇరువైపులా కోర్తెస్ పాటను గిటారుపై పాడుతూనే ఉన్నారు.