గడ్డిఅన్నారం బేరం, బత్తాయి ఆకు మీద జింకు

నాగార్జునసాగర్ రోడ్డు, విజయవాడ రహదారి ఎల్బీనగర్ చౌరస్తాలో కలిసి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగుతాయి కాబట్టి, నల్లగొండ జిల్లా పంటకు హైదరాబాదు తూర్పు శివారు ఎప్పటినుంచో వాకిలిగా ఉంది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో దశాబ్దాల పాటు నడిచిన పండ్ల టోకు వ్యాపారం 1986లో ఈ దారి పక్కనే, కొత్తపేటలో 22 ఎకరాల్లో ఏర్పడిన గడ్డిఅన్నారం మార్కెట్‌కు తరలివచ్చింది. బోరుబావుల మీద బత్తాయి తోటలు పెంచిన నల్లగొండ రైతుకు ఆ తరువాత ధర తేలింది ప్రధానంగా ఇక్కడే.

టోకు బేరంలో కాయను కోసి రుచి చూడటం కన్నా కంటితో తూచడమే ఎక్కువ. సైజు, తొక్క నునుపు, రంగు చూసి ధర కడతారు. తొక్క మీద గోధుమరంగు పొర కట్టిన ‘మంగు కాయ’ను వేరుచేసి తక్కువకు అడుగుతారు. మంగు నల్లి అనే పురుగు వల్ల వచ్చేదే గానీ పోషకలోపం వల్ల వచ్చేది కాదు గనుక, దానికి జింకు పిచికారీ పనిచేయదు. సైజు తగ్గడం, కాయ గట్టిపడటం వంటి మరికొన్ని లోపాల మూలం మాత్రం తోట నేలలో ఉంది. సున్నం పాలు ఎక్కువైన నేలలో జింకు, ఇనుము, మాంగనీసు ఉన్నా వేరుకు అందని రూపంలోకి మారిపోతాయి. అప్పుడు ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపు పచ్చబడుతుంది, కొత్త చిగురులో ఆకులు చిన్నవై సన్నబడతాయి. బోరాన్ కొరవడితే కాయ గట్టిపడి తొక్కలో జిగురు చేరుతుంది. అతి స్వల్పంగానే కావలసినా, లేనిదే మొక్క బతకలేని ఇటువంటి మూలకాలనే సూక్ష్మపోషకాలు అంటారు.

నేల ఇవ్వనిదాన్ని ఆకు ద్వారా ఇవ్వవచ్చునన్న ఆలోచన పాతదే. ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రీ 1844 నాటికే పాలిపోయిన ద్రాక్ష ఆకులపై ఇనుప లవణం పూసి పచ్చదనం తెప్పించాడు. జింకు మొక్కలకు తప్పనిసరి అని 1926లో సోమర్, లిప్‌మన్ నిరూపించగా, 1930లలో కాలిఫోర్నియా నారింజ తోటల్లో మచ్చల ఆకు జబ్బు జింకు లోపమేనని తేలింది. మన దేశంలో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే 1966లో వరిలోని ఖైరా తెగులుకు కారణం జింకు లోపమేనని చూపాడు. మరుసటి ఏడాదే భారత వ్యవసాయ పరిశోధనా మండలి సూక్ష్మపోషకాలపై సమన్వయ పథకం ఆరంభించింది.

తెలుగు నేలపై వ్యవసాయ విశ్వవిద్యాలయం బత్తాయికి సిఫారసు చేస్తూ వచ్చిన మిశ్రమంలో లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్, మెగ్నీషియం, ఫెర్రస్ సల్ఫేట్లు రెండేసి గ్రాములు, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు ఉంటాయి. వీటిలో మెగ్నీషియం నిజానికి సూక్ష్మపోషకం కాదు, ద్వితీయ పోషకం. లోపం కనబడే తోటల్లో దాన్నీ కలిపివేయడం రివాజైంది. జింకును నేలలో బంధించే సున్నమే ఇక్కడ ఆకుకు రక్ష కావడం విచిత్రంగా తోచవచ్చు గానీ, సల్ఫేట్ల ఆమ్లగుణం లేత ఆకును మాడ్చకుండా ఆపేది అదే. యూరియా పోషకాలు ఆకులోకి ఇంకడానికి తోడ్పడుతుంది. ముదురు ఆకు మందును సరిగా పీల్చదు కాబట్టి కొత్త చిగురు వచ్చిన అదనులో కొట్టాలి. అయితే ఇది నేలను బాగుచేసే వైద్యం కాదు; ప్రతి చిగురుకూ మళ్ళీ చేయవలసిన ఖర్చు. బేరంలో కాయ చూపుకు విలువ ఉన్నంత కాలం రైతు దాన్ని భరిస్తాడు.

ఆ బేరం స్థలం మాత్రం మారింది. 2021లో గడ్డిఅన్నారం మార్కెట్‌ను మూసి వ్యాపారాన్ని విజయవాడ రహదారి మీది బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన స్థలంలో ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. విజయవాడ దారిన వచ్చే బత్తాయి లారీలు ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా దాకా రాకుండానే ఆగిపోతున్నాయి.