పేర్లు మారినా మారని లెక్క: క్రైస్తవ విశ్వాసంలో సంఖ్యల ప్రతీకార్థం

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళిని చాలామంది చదవకుండానే దాటేస్తారు. సంఖ్యల ప్రతీకార్థాన్ని పరిశీలించేవారు మాత్రం అక్కడే మొదలుపెట్టాలి. అబ్రాహాము నుంచి దావీదు దాకా పద్నాలుగు తరాలు, దావీదు నుంచి బబులోను చెర దాకా పద్నాలుగు, చెర నుంచి క్రీస్తు దాకా పద్నాలుగు అని మత్తయి లెక్క తేలుస్తాడు. ఈ జాబితాను దినవృత్తాంతముల మొదటి గ్రంథం మూడో అధ్యాయం పక్కన పెట్టి చూస్తే యెహోరాముకూ ఉజ్జియాకూ నడుమ అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులు మాయమయ్యారని తెలుస్తుంది. మూడో భాగంలోనైతే కొత్త పేర్లు పదమూడే. మత్తయికి కూడిక రాదనుకోలేం. సంప్రదాయం ఆయనను సుంకరి అంటుంది, లెక్కలు తప్పితే ఆ వృత్తిలో పూట గడవదు.

పద్నాలుగుపై ఇంత పట్టు ఎందుకు? ఎక్కువమంది పండితులు చూపే కారణం దావీదు పేరు. హీబ్రూలో ఆ పేరుకు ఉన్న మూడు హల్లుల విలువలు 4, 6, 4, మొత్తం 14. పైగా జాబితాలో దావీదు సరిగ్గా పద్నాలుగోవాడు. ఈ మాట మత్తయి ఎక్కడా చెప్పలేదు. ఆయన రాసింది గ్రీకులో, గ్రీకు అక్షరాల ప్రకారం దావీదు పేరు విలువ 419. కాబట్టి దీన్ని బలమైన ఊహగానే తీసుకోవాలి. ముగ్గురు రాజులు తప్పిపోవడం మాత్రం ఊహ కాదు, రెండు గ్రంథాలు తెరిస్తే కంటికి కనిపించేదే.

దీని నుంచి ఒక పరీక్ష దొరుకుతుంది. సంఖ్యను నిలబెట్టడానికి జాబితా వంగిందంటే, ఆ సంఖ్యకు అర్థం పెట్టినవాడు రచయితే. జాబితా వంగకపోతే, అర్థం పాఠకుడి నుంచి వచ్చిందేమో అని అనుమానించాలి. క్రైస్తవ సంప్రదాయంలో ఈ రెండో రకం తక్కువదేమీ కాదు. చరిత్రలో దాని ప్రభావమే ఎక్కువ. కానీ రెంటినీ ఒకే గాటన కట్టి ‘బైబిలు సంఖ్యల అర్థాలు’ అని పట్టిక వేయడం పరిశోధన అనిపించుకోదు.

పన్నెండు ఈ పరీక్షకు చక్కగా నిలుస్తుంది. యూదా ఖాళీ చేసిన స్థానంలో అపొస్తలులు మత్తీయను ఎన్నుకున్నారని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చెబుతుంది. పన్నెండో అధ్యాయంలో హేరోదు యాకోబును చంపించాక ఆ స్థానాన్ని ఎవరితోనూ నింపలేదు. అంటే అది ఎప్పటికీ భర్తీ చేస్తూ పోవలసిన పదవుల సంఖ్య కాదు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకు ప్రతిగా సాక్షుల గుంపు ఒక్కసారి నిండుగా నిలబడాలి, అంతే. ప్రకటన గ్రంథం ఏడో అధ్యాయం ఇంకా విచిత్రం. ముద్ర పొందిన గోత్రాల్లో దాను లేదు, ఎఫ్రాయిము పేరు లేదు. లేవి ఉంది, యోసేపు ఉంది, యోసేపు కొడుకైన మనష్షే కూడా వేరుగా ఉంది. ఎవరు పోయినా, ఎవరు వచ్చినా పన్నెండు మాత్రం కదలలేదు. దాను గోత్రం నుంచే క్రీస్తు విరోధి పుడతాడు కాబట్టి దాన్ని వదిలేశారని రెండో శతాబ్దపు లియోన్ బిషప్ ఐరేనియస్ వివరించాడు. ఆ వివరణను ఒప్పుకోకపోయినా, ఖాళీని ఆయన గమనించాడన్నది గుర్తుంచుకోవాలి.

ఇక అక్షరాలను అంకెలుగా వాడే పద్ధతి. తెలుగు పాఠకులకు కటపయాది తెలుసు. అది పండితులు ప్రత్యేకంగా కల్పించుకున్న సంకేతం. తెలుగుకు విడిగా అంకెలున్నాయి. గ్రీకు, హీబ్రూలు రాసేవారు బజారు లెక్కలకు కూడా అక్షరాలనే వాడేవారు. అందుచేత ప్రతి పేరూ, కోరినా కోరకున్నా, ఒక మొత్తం అయ్యేది. క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన పాంపేయి గోడమీద ఒక ప్రేమికుడు తన ప్రియురాలి పేరు బయటపెట్టకుండా ఆమె సంఖ్య 545 అని మాత్రం గీశాడు. నీరో పేరు గ్రీకు లెక్కలో 1005 అవుతుందనీ, తల్లిని చంపినవాడు అన్న మాటకూ అదే మొత్తం వస్తుందనీ రోములో జనం ఎగతాళి చేసిన సంగతి చరిత్రకారుడు స్వెటోనియస్ నమోదు చేశాడు.

666ను ఈ వాతావరణంలో పెట్టి చదవాలి. ప్రకటన గ్రంథం 13:18 పాఠకుడిని లెక్కించమని నేరుగా పిలుస్తుంది. కనుక ఇక్కడ ప్రతీక రచయితదే, సందేహం లేదు. ‘నీరోన్ కైసరు’ను హీబ్రూ అక్షరాల్లో రాస్తే 666. చివరి నకారం తీసేసి లాటిన్ పలుకుబడి ప్రకారం ‘నీరో’ అని రాస్తే 50 తగ్గి 616. ఆక్సిరింకస్‌లో దొరికి 1999లో ప్రచురితమైన పపైరస్ ముక్కలో, అంటే ప్రకటన గ్రంథపు అతి పాత ప్రతుల్లో ఒకదానిలో, ఉన్నది 616 అనే. ఒకే పేరు రెండు వర్ణక్రమాలకు రెండు పాఠాలు సరిపోవడం నీరో వాదానికి పెద్ద బలం. ఐరేనియస్‌కు కూడా 616 పాఠం తెలుసు. అది లేఖకుల తప్పని తోసిపుచ్చాడు. 666కు సరిపోయే పేర్లుగా ఎవాంథాస్, లాటీనోస్, టైటాన్ చూపించి, టైటాన్ వైపు కొంచెం మొగ్గి, తేల్చి చెప్పనని ఆగిపోయాడు. తర్వాతి శతాబ్దాల్లో పోపుల దగ్గర నుంచి నెపోలియన్ దాకా ఎందరెందరి పేర్లో ఈ సంఖ్యకు కట్టినవారిలో ఆ నిగ్రహం లేదు.

ఐరేనియస్ ఆగడానికి కారణముంది. ఆయన కాలంలో మార్కస్ అనే జ్ఞానవాద గురువు అక్షరాల విలువలతో ఒక దైవశాస్త్రాన్నే అల్లాడు. గ్రీకులో యేసు పేరు 888. పావురం అన్న మాట 801. ఆల్ఫా 1, ఓమెగా 800 కలిపినా 801. కాబట్టి బాప్తిస్మ సమయంలో దిగివచ్చిన పావురమే ఆదియు అంతము అన్నాడు. లెక్క తప్పు కాదు. ఐరేనియస్ జవాబు కూడా లెక్కతోనే సాగింది. మీ విధానంలో పట్టించుకోని అయిదును తీసుకుందాం అంటూ, రక్షకుడు, తండ్రి, ప్రేమ అన్న గ్రీకు మాటలకు అయిదేసి అక్షరాలు, అయిదు రొట్టెలు, అయిదుగురు బుద్ధిగల కన్యకలు, చేతికి అయిదు వేళ్లు అంటూ పేజీ నింపేశాడు. ఏ సంఖ్యనైనా ఇలా పూజనీయం చేయవచ్చని చూపడమే ఉద్దేశం. సిద్ధాంతం నుంచి సంఖ్యలు రావాలి గాని సంఖ్యల నుంచి సిద్ధాంతం పుట్టకూడదన్నది ఆయన సూత్రం. నా దృష్టిలో ఈ విషయంపై ఇంతకన్నా పదునైన మాట తర్వాత ఎవరూ చెప్పలేదు. అదే మనిషి, దిక్కులు నాలుగు కాబట్టి సువార్తలు నాలుగే ఉండాలని వాదించాడన్నది వేరే కథ.

పాఠకుల సృష్టికి అసలైన రంగస్థలం 153. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రంలో శిష్యుల వలలో పడిన పెద్ద చేపల సంఖ్యగా యోహాను 21:11 దీన్ని ఇస్తుంది, వివరణ ఇవ్వదు. అగస్టీన్ దీన్ని విప్పిన తీరు అందమైనది. ధర్మశాస్త్రపు ఆజ్ఞలు పది, ఆత్మ వరాలు ఏడు, మొత్తం పదిహేడు. ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే 153. కృప లేని ఆజ్ఞ చంపుతుంది, ఆత్మ తోడైతే బతికిస్తుంది అన్న ఆయన బోధ మొత్తం ఆ కూడికలో ఇమిడింది. మహా గ్రెగరీ అదే పదిహేడు తీసుకుని మూడుతో హెచ్చించి 51, మళ్లీ మూడుతో హెచ్చించి 153 చేశాడు. అలెగ్జాండ్రియా సిరిల్‌కు అన్యజనుల నిండుదనం నూరు, ఇశ్రాయేలులో శేషించినవారు ఏభై, త్రిత్వం మూడు. జెరోమ్ దారి వేరు: లోకంలో చేపల జాతులు 153 అని ప్రకృతి శాస్త్రజ్ఞులు చెప్పారంటూ కవి ఒప్పియన్‌ను సాక్షిగా పిలిచాడు. ఒప్పియన్ కావ్యంలో ఆ అంకె ఎక్కడా లేదు.

ఆధునికుల్లో జె. ఎ. ఎమర్టన్ 1958లో చూపిన మార్గం వచనానికి ఎక్కువ దగ్గరగా ఉంది. యెహెజ్కేలు 47:10లో ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము వరకు జాలరులు వలలు పరుస్తారు. ‘ఏన్’ అంటే ఊట. దాన్ని పక్కన పెడితే హీబ్రూ అక్షరాల విలువలో గెదీ 17, ఎగ్లాయీము 153. చేపలూ, వలలూ, దేవాలయం నుంచి పారే నీరూ రెండు చోట్లా ఉన్నాయి. అయినా మన పరీక్షకు ఇది నిలవదు. యోహాను 21లో ఏ జాబితా వంగలేదు, లెక్కించమని ఎవరూ పిలవలేదు. జాలరులు పట్టిన చేపలను పంచుకునే ముందు లెక్కపెట్టడం ఏ రేవులోనైనా జరిగేదే. 153 ఒక మంచి కూడిక కాబట్టి దానికి అర్థం ఉండి తీరాలన్న వాదనను ఒప్పుకోలేను. అగస్టీన్ వివరణ అగస్టీన్‌ను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, యోహానును కాదు.

పాఠకుడు పెట్టిన అర్థం ఒక్కోసారి చరిత్రనే సరిదిద్దుతుంది. 325 నాటి నీకేయ సభకు 250కి పైగా బిషప్పులు వచ్చారని అక్కడ ఉన్న యూసేబియస్ రాశాడు. అథనాసియస్ మొదట సుమారు 300 అన్నాడు, వృద్ధాప్యంలో 318 అన్నాడు. ఆ 318 ఆదికాండం 14:14లో అబ్రాహాము యుద్ధానికి నడిపించిన పరిచారకుల సంఖ్య. గ్రీకులో దాన్ని రాసే మూడు అక్షరాల్లో 300 సిలువ ఆకారం, 18 యేసు పేరులోని మొదటి రెండు అక్షరాలు అని బర్నబా పత్రిక అప్పటికి రెండు శతాబ్దాల కిందటే బోధించింది. హిలరీ, ఆంబ్రోస్ ఈ రెండు 318లనూ కలిపారు. నేటికీ తూర్పు సంఘాలు నీకేయ తండ్రులను 318 మందిగానే స్మరిస్తాయి.

మన సంఘాలకు బాగా దగ్గరి ఉదాహరణ గుడ్ ఫ్రైడే నాటి మూడు గంటల ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని ప్రసంగించడం తెలుగు సంఘాల్లో విస్తారంగా ఉన్న వాడుక. మధ్యాహ్నం మూడు గంటల పాటు సాగే ఈ ఆరాధన రూపం 17వ శతాబ్దంలో పెరూ దేశపు లిమా నగరంలో జెస్యూట్ గురువు అలోన్సో మెస్సియా ఏర్పరచింది. ఏడు పరిపూర్ణత సంఖ్య అని ప్రసంగీకులు చెబుతారు. ఏ సువార్తలోనూ ఏడు మాటలు లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కులలో ఒకే మాట. నాలుగు గ్రంథాలను కలిపి ఏడుగా కూర్చింది సంప్రదాయం. ఆ ఏడులో మొదటిదైన క్షమాపణ ప్రార్థన, లూకా 23:34, వాటికన్ ప్రతితో సహా కొన్ని అతి ప్రాచీన చేతిరాత ప్రతుల్లో కనిపించదు. ఆ ప్రతులను అనుసరిస్తే మిగిలే మాటలు ఆరు.