దుకాణాల్లో నేపథ్య సంగీతం: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

బేరం సాగుతుండగా దుకాణంలో వినిపించే పాటే నేపథ్య సంగీతం. కొనేవారు దానికోసం రారు. చెవిన పడితే కాసేపు నిలబడతారు. అమెరికాలో జార్జి ఓవెన్ స్క్వయర్ తీగల మీదుగా సంగీతం పంపడాన్ని వ్యాపారంగా మలిచి, 1934లో దానికి మ్యూజాక్ అని పేరు పెట్టాడు. ఉత్తరాంధ్రకు ఈ అలవాటు రేడియోతో వచ్చింది. అంతకుముందు శతాబ్దాల సంతల్లో అమ్మేవారి కేకే పాట.

1957 అక్టోబరు 3న వివిధ భారతి, 1963 ఆగస్టు 4న విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాయి. ట్రాన్సిస్టర్లు చవకయ్యాక కిళ్లీ బడ్డీల్లో సోడా సీసాల పక్కన, దర్జీ మిషను మీద, సెలూన్ అద్దం ముందు తోలు తొడుగుల రేడియోలు వెలిశాయి. టీ తాగడం అయిపోయినా పాట అయ్యేదాకా బల్ల మీంచి లేచేవారు కారు. ఈలోగా ఇంకో టీ చెప్పేవారు. అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండాలి, వ్యాపార స్థలంలో పెడితే దాని రుసుము వేరు. 1980లలో ఈ లైసెన్సు పద్ధతి పోయింది.

ఈ ప్రాంతానికి దక్కిన విశేషం ఒకటుంది. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా సంగీత కళాశాల ఏర్పడింది. ఘంటసాల, పి. సుశీల అక్కడే చదువుకున్నారు. సాలూరి రాజేశ్వరరావుది సాలూరు దగ్గరి శివరామపురం. విజయనగరంలో సానబట్టిన గొంతులే మద్రాసు స్టూడియోల మీదుగా తిరిగొచ్చి అక్కడి గంటస్తంభం బజారులోని కొట్లలో మోగాయి. ఇంత ఘనమైన నేపథ్య సంగీతం వేరే బజార్లకు అరుదు.

తర్వాత క్యాసెట్లు, సీడీలు, ఇప్పుడు సెల్‌ఫోను పాటలు.

అమ్మకాలపై సంగీత ప్రభావాన్ని కొలిచిన పరిశోధనల్లో రొనాల్డ్ మిల్లిమన్ 1982లో ప్రచురించినది ప్రసిద్ధం. ఒక అమెరికా సూపర్ మార్కెట్లో వేగం పాటలప్పటికన్నా నెమ్మది పాటలప్పుడు జనం నిదానంగా నడిచారు, అమ్మకాలు సుమారు 38 శాతం ఎక్కువగా ఉన్నాయి. 1993లో అరేని, కిమ్ ఒక వైన్ దుకాణంలో శాస్త్రీయ సంగీతం పెట్టి చూస్తే, కొన్న సీసాల సంఖ్య పెరగలేదు గానీ ఖరీదైనవి అమ్ముడయ్యాయి. మిల్లిమన్ లెక్క తిరుగుతూ ఏరుకునే దుకాణానికి సరిపోతుంది. పరుపు మీద కూర్చుని ఒక్కో చీర మడత విప్పించుకునే బట్టల కొట్టులో నడక వేగంతో పనేముంది? అక్కడ బేరం మాట వినపడేంత తక్కువ ధ్వనితో పాట మోగితే చాలు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతాల్లో పగటి పరిమితి 65 డెసిబెల్స్, రాత్రి 55. 1957 కాపీరైట్ చట్టం కింద రికార్డు పాటను దుకాణంలో జనానికి వినిపించాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. ఇంట్లో వినడానికి కట్టిన చందా అందుకు చెల్లదు.